హాస్టల్లో నింపిన సర్వే ఫారాలు

ప్రశ్న: నమస్తే సార్, నేను ఒక మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. సెకండియర్ పిల్లకాయలకి రీసెర్చ్ నేర్పమని మా హెచ్‌ఓడీ మేడం నాకు అప్పజెప్పారు. బయోస్టాట్స్ (వైద్యంలో వాడే గణాంకాలు) క్లాసు పెడితే నిద్రపోతారు, ప్రాజెక్టు ఇస్తే సీనియర్లదే పేరు మార్చి ఇస్తారు, సర్వేకి పంపితే ఫారాలు హాస్టల్లోనే కూర్చుని నింపుతున్నారేమో అని అనుమానంగా ఉంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, బయోస్టాట్స్‌తో మొదలుపెట్టారు చూడండి, అక్కడే వచ్చింది చిక్కంతా. దేనికి లెక్కేస్తున్నామో తెలియకుండా పీ వాల్యూ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా ఊరికే రావడానికి ఎంత అవకాశముందో చెప్పే అంకె) చెప్తే ఎవరికైనా నిద్రే వస్తది. ముందు వాళ్ళకో ప్రశ్న కావాలి, అదీ కళ్ళతో చూసిన దాంట్లోంచి రావాలి. ఇప్పుడు ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) వాళ్ళ ఫ్యామిలీ అడాప్షన్, అదే స్టూడెంట్లు ఊళ్ళో కుటుంబాలని దత్తత తీసుకునే ప్రోగ్రాం, ఉంది గదా, ఫస్టియర్ నుంచే ఊళ్ళోకి పోతున్నారు, దాన్ని ఫొటోలకే వదిలెయ్యకండి.

మీకైతే ప్రశ్న కోసం దూరం పోయే పని కూడా లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళూ ఎముకలూ పాడయ్యే జబ్బు) ఉందని 1937లో షార్ట్ అనే డాక్టరూ ఆయన టీమూ రాసింది మీ ప్రాంతం గురించే, అప్పుడది నెల్లూరు జిల్లా కింద ఉండేది. ఈ సంగతి చెప్పి కనిగిరి వైపో పొదిలి వైపో ఒక స్కూలుకి తీసకపోండి. "ఫ్లోరైడ్ మీద స్టడీ చేస్తాం మేడం" అంటారు. అది టాపిక్కే గానీ ప్రశ్న కాదు. ఎవరిలో, ఏం చూస్తారు, దేంతో పోలుస్తారు అని అడగతా పొండి, చివరికి "పన్నెండేళ్ళ పిల్లల్లో పంటి మచ్చలు ఎంతమందికి ఉన్నాయి, బోరు నీళ్ళు తాగినోళ్ళకీ క్యాన్ నీళ్ళు తాగినోళ్ళకీ తేడా ఉందా" అనే దాకా వస్తారు. దీనికే రెండు క్లాసులు పట్టినా పట్టనీండి.

ఇక ఫారం వాళ్ళనే తయారు చెయ్యమనండి. నూటికి తొంభై మంది "ఇప్పుడు ఏ నీళ్ళు తాగుతున్నారు" అని రాస్తారు. అప్పుడు మీరు అడగాల్సింది ఒక్కటే, ఆ మచ్చ ఎప్పుడు పడింది? పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడు, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీళ్ళ వల్ల పడింది. ఇంట్లో నిరుడే క్యాన్ వేయించుకుని ఉంటే వాడు క్యాన్ లెక్కలోకి పోతాడు, మచ్చలేమో బోరువి, ఇక క్యాన్ నీళ్ళకీ మచ్చలకీ సంబంధం ఉందని రిపోర్టు రాసేస్తారు! ఇది ఒక్కసారి తగిలిందంటే స్టడీ డిజైన్ అంటే ఏందో జన్మలో మర్చిపోరు, నేనైతే పుస్తకంలో ఆ చాప్టర్ చెప్పేకన్నా ఇదే మేలంటాను.

పళ్ళు చూసేటప్పుడు కూడా అంతే, ఇద్దరు స్టూడెంట్లని అవే ఇరవై నోళ్ళు విడివిడిగా చూసి మార్కు వెయ్యమనండి, ఒకడు ఫ్లోరోసిస్ అన్నదాన్ని ఇంకొకడు ఉత్త గార అంటాడు, కొట్లాడుకోనీండి. కప్పా (ఇద్దరి మార్కులు ఎంత కలిశాయో చెప్పే లెక్క) అంటే ఏందని అప్పుడు వాళ్ళే అడగతారు. శాంపుల్ సైజు కూడా అప్పుడే చెప్పండి, సగం మందికి ఉండొచ్చు అనుకుని, అటు పది శాతం ఇటు పది శాతం తేడా ఒప్పుకుంటే నాలుగు ఇంటూ 50 ఇంటూ 50 బై 100 (ఆ పది ఇంటూ పది), మొత్తం 100 మంది చాలు. ఎంతమందికి ఉందో తెలుసుకోడానికి ఇది, రెండు గుంపుల తేడా తేల్చాలంటే లెక్క వేరే.

ఎథిక్స్ కమిటీ పర్మిషన్ డేటా తీసుకున్నాక కాదు, ముందే. తల్లిదండ్రుల సంతకం ఉండాలి, పిల్లోడు కూడా సరే అనాలి, వాడు వద్దంటే వదిలెయ్యాలి.

హాస్టల్ ఫారాల సంగతి చెప్తా. మన ఊళ్ళల్లో పెద్దోళ్ళని వయసు అడిగితే 60, 65, 70 అంటారు గానీ 63, 67 అని ఎవరంటారమ్మా? ఇంటింటి సర్వేలో వయసులన్నీ చక్కగా 61, 64, 68, 72 అని ఉన్నాయంటే ఆ ఫారాలు పక్కన పెట్టి, పదింట్లో ఒక ఇంటికి మీరే మళ్ళీ పోయి చూడండి. మీరు అట్టా పోతారని స్టూడెంట్లకి ముందే తెలియనీండి. తేడా ఏమీ రాలేదు మేడం అని నిజాయితీగా రాసినోడికి, అన్నీ సిగ్నిఫికెంట్ (లెక్క ప్రకారం తేడా ఉంది) అని రాసినోడికన్నా ఎక్కువ మార్కులు వెయ్యండి, దొంగ లెక్కలు సగం మార్కుల భయంతోనే పుడతాయి.

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ సెకండియర్. ఐసీఎంఆర్ ప్రాజెక్టు అంటా తిరుగుతోంది. పీజీ సీటుకి ఇది పనికొస్తదా, చదువు పాడవదా?
- ఒక తండ్రి, కావలి

జవాబు: నీట్ పీజీ ర్యాంకుకి ఒక్క మార్కు కలవదండీ, ఆ ఆశ పెట్టుకోవద్దు. మీ అమ్మాయి చెప్పేది ఐసీఎంఆర్ (దేశంలో వైద్య పరిశోధన చూసే కేంద్ర సంస్థ) వాళ్ళ ఎస్‌టీఎస్, అంటే షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ అయ్యుంటది, 1979 నుంచీ ఉంది, గైడు కింద రెండు నెలల పని, రిపోర్టు ఒప్పుకుంటే స్టైపెండు, సర్టిఫికెట్టు ఇస్తారు. రేపు ఎండీలోనో ఎంఎస్‌లోనో చేరితే థీసిస్ ఎట్టాగూ తప్పదు, అప్పుడు ఎవరికో డబ్బులిచ్చి లెక్కలు కట్టించుకునే బాధ ఉండదు. యూనివర్సిటీ పరీక్షలకి అడ్డం రాకుండా చూసుకోమనండి, గైడు టైం ఇచ్చే మనిషేనా కాదా అని సీనియర్లని ముందే కనుక్కోమనండి. ఆ రెండూ సరిపోతే చెయ్యనీండి.