ఎన్నారై సందేహాలు: పన్ను కడుతున్నాం, పిల్లల డబ్బు మనకెందుకు రాదు?

ప్రశ్న: అక్కా, మేము మిల్టన్ కీన్స్ వచ్చి ఏడు నెలలైంది. మావారిది స్కిల్డ్ వర్కర్ వీసా. పాపకి వచ్చే మార్చిలో మూడేళ్ళు నిండుతాయి. పక్కింటావిడకి పిల్లల పేరు మీద ప్రభుత్వం డబ్బులు వేస్తుంది, మాకు మాత్రం రావంటున్నారు. పన్ను మేమూ కడుతున్నాం కదా! మావారి ఆఫీసులో చాలామంది ఈ డబ్బులన్నీ కోసేయాలి అంటారట. మాకూ అదే కరెక్టనిపిస్తోంది. మీరేమంటారు?

జవాబు: అమ్మా, మొదటి ప్రశ్నకి జవాబు చిన్నదే. మీ వీసాకి ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ అనే షరతు ఉంటుంది, అంటే ప్రభుత్వమిచ్చే సాయం డబ్బు తీసుకోకూడదని. పక్కింటావిడకి పిల్లల పేరు మీద వచ్చే చైల్డ్ బెనిఫిట్, ఆదాయం తక్కువున్నవాళ్ళకిచ్చే యూనివర్సల్ క్రెడిట్ ఆ పబ్లిక్ ఫండ్స్‌లోకే వస్తాయి. పూర్తి జాబితా ప్రభుత్వ వెబ్‌సైటులో ఉంది, ఒకసారి కూర్చుని చదవండి. నేను చదవకపోవడం వల్ల ఏం జరిగిందో మాత్రం వివరంగా చెప్తాను.

మేం 2006లో తెనాలి నుంచి రెడింగ్ వచ్చాం. మావారి జీతం ఏడాదికి 24,000 పౌండ్లు. ఇంటద్దె నెలకి 650. మామగారి అప్పు కింద నెలనెలా 200 ఇంటికి పంపాలి. మిగిలినదాంట్లోనే కరెంటు, గ్యాసు, బస్సు, బియ్యం. 2008 మార్చిలో బాబు పుట్టాడు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు డైపర్లు, క్రీముల శాంపిళ్ళు పెట్టిన సంచి ఒకటి చేతికిచ్చారు. అందులో చైల్డ్ బెనిఫిట్ ఫారం ఉంది. ఆసుపత్రిలో ఇచ్చారంటే మనకీ వర్తిస్తుందనే అనుకున్నాను. ఫారంలో ‘మీరు ఇమిగ్రేషన్ కంట్రోల్ కింద ఉన్నారా’ అని ఒక గడి. ఎయిర్‌పోర్టులో ముద్ర వేసి లోపలికి పంపేశారు, ఇంకా కంట్రోల్ ఏముంటుంది అనుకుని ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టాను.

మే నెల నుంచి వారానికి 18 పౌండ్ల 80 పెన్సుల లెక్కన, నాలుగు వారాలకోసారి నా ఖాతాలో డబ్బు పడేది. ఈ దేశంలో నా పేరు మీద పడిన మొదటి డబ్బు అదే. ఎంత సంతోషపడ్డానో! బాబుకి చలికోటు కొన్నాను. 2009 జనవరిలో రేటు 20 పౌండ్లకి పెంచారు. ఫిబ్రవరిలో వీసా పొడిగింపు కాగితాలు సర్దుతుంటే పాస్‌పోర్టులో స్టిక్కరు మీద ఆ షరతు కనబడింది. మూడేళ్ళుగా నా బీరువాలోనే ఉన్న పాస్‌పోర్టు అది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం అన్నం తినలేదు.

తెల్లారగానే మేమే ఉత్తరం రాశాం. తెలియక తీసుకున్నాం, తిరిగి కట్టేస్తాం అని. మొత్తం 760 పౌండ్ల దాకా తేలింది. రూపాయల్లో యాభై వేల పైమాటే. పది వాయిదాల్లో కట్టాం. ఆ పది నెలలూ మా ఇంట్లో మాంసం వండలేదు, తెనాలికి ఫోన్ కార్డు కూడా సగానికి సగం తగ్గించాం. వీసా వచ్చింది కానీ, వచ్చేదాకా మూడు నెలలు పోస్టు పడిన చప్పుడు వింటేనే టెన్షన్. అప్పటికన్నా ఇప్పుడు కాలం గట్టిది. స్థిరనివాసానికి 5 ఏళ్ళ గడువుని 10 ఏళ్ళు చేస్తామని 2025 మేలో ప్రభుత్వం శ్వేతపత్రంలోనే రాసింది. అందుకని పక్కింటావిడ ఎంత మంచిగా చెప్పినా ఆ ఫారం జోలికి వెళ్ళకండి.

నా రెండో తప్పు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పు. 2011లో మాకు స్థిరనివాసం వచ్చింది. అప్పుడు చైల్డ్ బెనిఫిట్ తీసుకునే హక్కు పూర్తిగా ఉంది. ఒకసారి కాలిన చెయ్యి కదా, భయంతో నేను అడగనే లేదు. 2012లో పాప పుట్టింది. 2013 జనవరి నుంచి తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయమైనా 50,000 పౌండ్లు దాటితే ఆ డబ్బుని పన్ను రూపంలో వెనక్కి లాగడం మొదలుపెట్టారు. మావారు అప్పటికి కంపెనీ మారి ఆ గీత దాటేశారు. ఎలాగూ తిరిగి లాగేసుకుంటారు, ఇక ఫారం నింపడం ఎందుకనుకున్నాను. ఇప్పుడు ఆ లాగడం 60,000 దగ్గర మొదలై, 80,000 దగ్గరికొచ్చేసరికి మొత్తం పోతుంది.

ఆ ఫారం నింపి ‘డబ్బు వద్దు’ అని గడిలో టిక్కు పెట్టినా, పిల్లకి పన్నెండేళ్ళు నిండేదాకా ఇంట్లో ఉన్న తల్లికి నేషనల్ ఇన్సూరెన్స్ క్రెడిట్లు, అంటే పెన్షన్ లెక్కలోకి వచ్చే ఏళ్ళు, జమవుతాయి. ఇది నాకెవరూ చెప్పలేదు. ఇక్కడ పూర్తి ప్రభుత్వ పెన్షన్ రావాలంటే 35 ఏళ్ళ లెక్క ఉండాలి. నాకు 2011 నుంచి 2017 దాకా ఆరేళ్ళు ఖాళీ. 2025 ఏప్రిల్‌లో గడువు ముగిసేలోపు ఏడాదికి 824 పౌండ్ల చొప్పున, దాదాపు ఐదు వేల పౌండ్లు చేతినుంచి కట్టి ఆ ఖాళీ పూడ్చుకున్నాను. ఒక్క ఫారం నింపి ఉంటే ఆ ఐదు వేలు మా పాప చదువుకి ఉండేవి. మీకు ఐదేళ్ళ తరవాతో పదేళ్ళ తరవాతో స్థిరనివాసం వచ్చిన వారంలోనే ఆ ఫారం నింపండి. మూడు నెలలకి మించి వెనక్కి లెక్కకట్టరు. ఈ కాలం పిల్లలు అన్నీ ఫోనులో వెతికేసుకుంటారు కానీ, ఏం వెతకాలో ముందు ఎవరో ఒకరు చెప్పాలి కదా. అందుకే ఇంత చెప్తున్నాను.

ఇక కోసేయాలా వద్దా అన్న మాట. ఇందులోనూ మీరున్న చోట నేనున్నాను.

2012 అక్టోబరులో అప్పటి ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ తన పార్టీ సభలో ఒక ప్రసంగం చేశారు. చీకటితోనే షిఫ్టుకి బయల్దేరే కార్మికుడు, బెనిఫిట్ల మీద బతుకుతూ ఇంకా నిద్రలేవని పొరుగింటివాళ్ళ మూసిన కిటికీల వైపు చూస్తాడు, అతనికి న్యాయం ఎక్కడుంది అని. ఆ మాట దేశమంతా పాకింది. నాకు మావారే గుర్తొచ్చారు. ఆయనా చీకటితోనే వెళ్ళేవారు. మరుసటి వారం ప్లేగ్రూపులో తల్లులం టీ తాగుతుంటే ఇదే చర్చ వచ్చింది. నేను గొంతు పెంచి, కోసేయాల్సిందే, మేం ఒక్క పౌండు తీసుకోకుండా ఇద్దరు పిల్లల్ని పెంచుతున్నాం అన్నాను. పక్కనున్నావిడ వెంటనే తలూపి, నిజమే, ముందు బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళకి ఆపాలి అంది. నా మొహంలోకే చూస్తూ అంది. తిరిగి కట్టిన 760 పౌండ్లు తప్ప మాకూ ఈ బెనిఫిట్లకీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ మాట నన్నే అంది. కోత మాట ఎక్కడ మొదలైనా చివరికి మన గుమ్మం దగ్గరికే వస్తుందని నాకు ఆ రోజు తెలిసింది. మీవారు ఆఫీసులో ఆ మాటకి వంత పాడేముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

తరవాత కోతలు వరసగా వచ్చాయి. 2013లో ఒక ఇంటికి ఏడాదికి 26,000 పౌండ్లకి మించి బెనిఫిట్లు రాకుండా పరిమితి పెట్టారు. 2017 ఏప్రిల్ తరవాత పుట్టిన మూడో బిడ్డకి యూనివర్సల్ క్రెడిట్‌లో పిల్లల వాటా ఆపేశారు. దీన్ని చాలామంది చైల్డ్ బెనిఫిట్‌తో కలిపి మాట్లాడతారు, రెండూ వేరు. చైల్డ్ బెనిఫిట్ మూడో బిడ్డకీ వస్తుంది. ఇద్దరు పిల్లల దాకానే వాటా అన్న ఆ ఇద్దరి నిబంధన ఉండాల్సిందేనని జనంలో ఎక్కువమంది సర్వేల్లో చెప్పేవారు. స్తోమత చూసుకుని పిల్లల్ని కనాలన్నది వాళ్ళ వాదన. మన తెనాలిలో అరుగు మీద కూర్చున్న పెద్దాయనా అదే అంటాడు. నేనూ అన్నాను.

2017లో నేను ఒక ప్రైమరీ స్కూల్లో డిన్నర్ లేడీగా చేరాను. పిల్లలకి మధ్యాహ్న భోజనం చూసే పని. ఇంగ్లండులో రిసెప్షన్ (ఒకటో తరగతికి ముందుది) నుంచి రెండో తరగతి దాకా 2014 నుంచి అందరికీ భోజనం ఉచితం. మూడో తరగతి నుంచి డబ్బు కట్టాలి. కొన్నేళ్ళకి మూడో తరగతిలోకి వచ్చిన ఒక పిల్లాడిని చూశాను. రెండో తరగతి దాకా పళ్ళెం నాకేసినట్టు తినేవాడు. మూడులోకి రాగానే డబ్బా తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. డబ్బాలో రెండు బ్రెడ్డు ముక్కలు, మధ్యలో పల్చగా వెన్న. కొన్ని రోజులు డబ్బా తెరవకుండా బల్ల కింద పెట్టుకునేవాడు, లోపల ఏమీ లేదని మాకు తెలియకూడదని. తల్లి రాత్రిళ్ళు ఆసుపత్రిలో క్లీనింగ్. తండ్రి వ్యాన్ మీద పార్సిళ్ళు వేస్తాడు. ముగ్గురు పిల్లలు, చివరిది 2018లో పుట్టింది. వాళ్ళ సంపాదన ఏడాదికి 7,400 దాటింది కాబట్టి ఉచిత భోజనానికి అర్హత లేదు. మూడో బిడ్డకి వాటా లేదు. ఆ తల్లి నాకన్నా ఎక్కువ గంటలు పనిచేసేది. ఆమె పగలు కిటికీలు మూసుకుని పడుకునేదంటే, రాత్రంతా నేలలు తుడిచి వచ్చి పడుకునేది.

అది చూశాక నా నోట కోత అన్న మాట రాలేదు. 2024 నాటికి ఆ నిబంధన 16 లక్షల మంది పిల్లల మీద పడింది, ఆ ఇళ్ళలో సగానికి పైగా ఎవరో ఒకరు ఉద్యోగం చేస్తున్నవాళ్ళే. ఇవి ప్రభుత్వ లెక్కలే. పని చెయ్యనివాళ్ళకి బుద్ధి చెప్పడానికి అని జనం అనుకున్న కోత, పనిచేసేవాళ్ళ పళ్ళెంలోంచే పోయింది.

ఇంకొకటి గమనించండి. 2024 జులైలో దాదాపు కోటి మంది పెన్షనర్లకి చలికాలం ఇంధన డబ్బు ఆపుతామంటే దేశం అట్టుడికిపోయింది. ఏడాది తిరక్కుండా చాలావరకు వెనక్కి ఇచ్చేశారు. అదే నెలలో ఇద్దరి నిబంధన తీసేయమని ఓటేసిన ఏడుగురు అధికార లేబర్ పార్టీ ఎంపీలని సొంత పార్టీయే సస్పెండ్ చేసింది. పెద్దవాళ్ళకి ఓటుంది, తొమ్మిదేళ్ళ పిల్లాడికి లేదు. చివరికి 2025 నవంబరు బడ్జెట్‌లో ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్, 2026 ఏప్రిల్ నుంచి ఆ నిబంధన తీసేస్తామని ప్రకటించారు. 2026 సెప్టెంబరు నుంచి యూనివర్సల్ క్రెడిట్ తీసుకునే ఇళ్ళ పిల్లలందరికీ ఇంగ్లండులో స్కూలు భోజనం ఉచితం. ఆ పిల్లాడు ఇప్పుడు సెకండరీలో ఉన్నాడు. వాడి చెల్లికైనా అందుతుంది.

ఈ డబ్బు మామూలుగా తల్లి చేతికే ఎందుకిస్తారో తెలుసా? 1945లో ఫ్యామిలీ అలవెన్స్ చట్టం తెచ్చినప్పుడు ముందు తండ్రి పేరు మీద ఇవ్వాలనుకున్నారు. ఎలినార్ రాత్‌బోన్ అనే ఎంపీ గట్టిగా పోట్లాడి తల్లి పేరుకి మార్పించారు. 1946 ఆగస్టులో రెండో బిడ్డ నుంచి వారానికి 5 షిల్లింగులు మొదలైంది. అది చూడకుండానే ఆ జనవరిలో ఆమె పోయారు. మన దగ్గర అమ్మ ఒడి, తల్లికి వందనం డబ్బులు తల్లి ఖాతాలో పడుతున్నాయంటే అదే ఆలోచన. అమ్మ ఒడి ఇంట్లో ఒక్క బిడ్డకే ఇచ్చేవారు, తల్లికి వందనం బడికెళ్ళే ప్రతి బిడ్డకీ. అక్కడా ‘ఉచితాలు’ అని తిట్టేవాళ్ళున్నారు, వాట్సాప్‌లో మీకూ వచ్చే ఉంటాయి.

మీ కోపం నాకు అర్థమవుతుంది. పన్ను కాక, వీసా కోసం ఒక్కో పెద్దవాళ్ళకి ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జి ముందే కట్టి వచ్చారు. పాపకి 776. పబ్లిక్ ఫండ్స్ తీసుకోకూడదన్న ఆ షరతు మార్చమని అడగండి, అది న్యాయం. పక్కింటావిడకి వచ్చే ఆ డబ్బు ఆపేస్తే మీ ఖాతాలో ఒక్క పెన్నీ పెరగదు.

డబ్బు విషయంలో మీరు చెయ్యాల్సింది వేరే ఉంది. ఒక నోటుపుస్తకం కొనండి. యాప్ వద్దు, చేత్తో రాస్తేనే చెయ్యి ఆగుతుంది. అందులో పిల్లల డబ్బు అన్న గీత సున్నాగానే రాయండి. మూడు నెలల అద్దె పక్కన పడేదాకా కారు కొనకండి, ఇండియా టికెట్లు వాయిదాల మీద తీసుకోకండి. మేం 2008 నుంచి 2014 దాకా ఆరేళ్ళు ఊరికి వెళ్ళలేదు. మా అమ్మ బాబుని మొదటిసారి చూసేసరికి వాడు ఆమె భుజం దాకా ఉన్నాడు. ఆ డబ్బుతోనే ఇంటి డిపాజిట్టు కట్టాం. కష్టమే, కానీ ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు.

మీకు రావలసినవి కూడా ఉన్నాయి, అవి వదలకండి. బడి, రిసెప్షన్ నుంచి రెండో తరగతి దాకా భోజనం, ఈ రెండూ పబ్లిక్ ఫండ్స్ కావు. మూడేళ్ళు నిండిన పిల్లలకి వారానికి 15 గంటల నర్సరీ కూడా ఏ వీసా అయినా ఇస్తారు. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకిచ్చే 30 గంటలది మాత్రం వేరు, దానికి వెళ్ళకండి. పాపకి మార్చిలో మూడు నిండుతాయన్నారు. మార్చి 31లోపు నిండితే ఏప్రిల్ టర్మ్ నుంచే దొరుకుతుంది. రెండు రోజులు దాటినా సెప్టెంబరు దాకా ఆగాలి. దగ్గర్లో ఉన్న స్కూలు నర్సరీకి ఈ వారమే వెళ్ళి పేరు రాయించండి, పాప పుట్టిన సర్టిఫికెట్టు తీసుకెళ్ళడం మర్చిపోకండి.