విశాఖలో ఇల్లు, ఎదురుగా సముద్రం: మొదటి రీఫ్ ట్యాంకుకి ఆ నీళ్ళే తెచ్చి పోసుకోవచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: విశాఖలో ఉంటారు, బీచ్ ఇంటికి పది నిమిషాలు. రెండడుగుల రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ళ ట్యాంకులో, రెండు నెమో చేపలు, నాలుగు పగడాలు పెట్టి మీ పాప పుట్టినరోజుకి చూపించాలి. నెల రోజులు టైముంది. నీళ్ళూ ఇసుకా సముద్రంలో ఊరికే దొరుకుతాయి కాబట్టి ఇరవై వేలు చాలనుకుంటున్నారు.

ముందే చెప్పేస్తున్నాను, ఏమీ అనుకోకండి. నెల చాలదు, ఇరవై వేలూ చాలవు. పుట్టినరోజుకి ఖాళీ ట్యాంకు, నీళ్ళు, రాళ్ళు చూపించి, చేపలు దసరాకి వస్తాయని చెప్పేయండి. నేను హైదరాబాద్ మియాపూర్‌లో ఒక ఫ్లాట్‌లో 2019 నుంచి ఒక ట్యాంకు నడుపుతున్నాను. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, పదహారంగుళాల ఎత్తు. రాళ్ళూ ఇసుకా పోగా తొంభై లీటర్ల నీళ్ళు పడతాయి. ఇంతకంటే చిన్నది తీసుకోవద్దని నా సలహా. చిన్న ట్యాంకు తేలిక అనుకుంటాం గానీ, నీళ్ళు తక్కువైతే పొరపాటు సర్దుకునే వ్యవధి కూడా తక్కువే.

సముద్రపు నీళ్ళ సంగతి. మా బావమరిది మీ విశాఖలోనే, మధురవాడలో ఉంటాడు, నన్ను చూసి తనూ మొదలుపెట్టాడు. మీలాగే క్యాన్లు పట్టుకుని బీచ్‌కి వెళ్ళాడు. మేలో తెచ్చిన నీళ్ళు ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 34 (వెయ్యి పాళ్ళ నీళ్ళలో ఇన్ని పాళ్ళు ఉప్పని) చూపించాయి, బాగానే ఉంది. నవంబరులో అదే చోట తెచ్చినవి 27! వానాకాలం తర్వాత గంగ, మహానది లాంటి పైనున్న నదుల నీళ్ళన్నీ బంగాళాఖాతంలో కలుస్తాయి, ఆ మంచినీటి ప్రభావం మన తీరం పొడుగునా కిందికి దిగుతుంది. పగడాలకి కావాల్సింది ఏడాది పొడుగునా 35 దగ్గర నిలకడగా ఉండే ఉప్పు. దానికి తోడు మీ ఊళ్ళో హార్బరు ఉంది, పట్నం కాలువలు ఉన్నాయి. ఒడ్డున ముంచిన నీళ్ళలో ఏముందో మన దగ్గరున్న టెస్ట్ కిట్లు చెప్పలేవు. అందుకే రీఫ్ సాల్ట్ కొని, శుభ్రమైన నీళ్ళలో కలుపుకోవడమే మేలు. లీటరుకి సుమారు 37 గ్రాములు. వంటింటి ఉప్పు, కళ్ళుప్పు పనికిరావు. వాటిలో ఉండేది దాదాపు సోడియం క్లోరైడ్ ఒక్కటే. పగడాలకి కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేట్లు కూడా కావాలి.

ఇసుక కూడా వద్దు. భీమిలి వైపు ఇసుకలో నల్లగా మెరిసే ఖనిజాలుంటాయి, ఇల్మనైట్, గార్నెట్ వగైరా. మా బావమరిది అద్దం తుడిచే మాగ్నెట్‌ని అడుగుదాకా దించితే ఆ నల్ల ఇసుక దానికి అంటుకుని, కొత్త అద్దం మీద ముగ్గేసినట్టు గీతలు పడ్డాయి. అరగొనైట్ ఇసుక కొనుక్కోండి. అది కాల్షియం కార్బొనేటే, ఈ ట్యాంకుకి నప్పుతుంది.

రాళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్త. కొన్ని షాపుల్లో చచ్చిన పగడపు కొమ్మలు, దిమ్మలు అమ్ముతారు. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే పులితో సమానం. బతికున్నదా చచ్చిందా అని చట్టం చూడదు. సముద్రపు విసనకర్రలు, నల్ల పగడం, సముద్ర గుర్రాలు కూడా ఆ కోవే. పింగాణీతోనో సిమెంటుతోనో చేసిన కృత్రిమ రాళ్ళు దొరుకుతున్నాయి, పది కిలోలు చాలు. ఏడాదిలో వాటి మీద ఊదారంగు పొర ఎక్కాక అసలు రాయికీ దానికీ తేడా తెలియదు.

ఇక అసలు కథ, నీళ్ళు. దీని మీద నేను ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా తప్పులన్నీ ఇక్కడే.

ఉప్పు కలిపే నీళ్ళ టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాల లెక్క, సున్నా ఉండాలి. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళూ ట్యాంకరు నీళ్ళూ కలిసి వస్తాయి, మీటరు పెడితే ఎనిమిది వందలు. ఇంట్లో ఆర్వో ఉంది కదా, ఇక సమస్యేముంది అనుకున్నాను. ఇంటి ఆర్వోలలో రుచి కోసం టీడీఎస్ సర్దే చిన్న వాల్వు ఉంటుంది, అది పచ్చి నీళ్ళని కొంచెం తెచ్చి శుద్ధమైన నీళ్ళలో కలుపుతుంది. ఆ సంగతి తెలిసి దాన్ని పూర్తిగా మూయించాను, మీటరు పది చూపించింది, సంబరపడ్డాను. మూడో నెలలో నత్తలు ఐదు, ఒక హెర్మిట్ పీత, ఎర్ర చారల క్లీనర్ రొయ్య కొన్నాను. మొదటి వారం బాగున్నాయి. తొలిసారి నీళ్ళు మార్చిన మర్నాడు నత్తలు అద్దం వదిలి ఇసుకలో వెల్లకిలా పడున్నాయి. రొయ్య సాయంత్రానికి పోయింది. చేపలకి మాత్రం ఏమీ కాలేదు. అమ్మోనియా సున్నా, ఉప్పు సరిగ్గా ఉంది, వేడీ సరిపోయింది. రెండు రోజులు బుర్ర గోక్కున్నాను.

మూడో రోజు మంచినీళ్ళు పట్టుకుంటుంటే ఆర్వో ముందు భాగం మీద పెద్ద అక్షరాలతో కనబడింది: కాపర్. ఆరోగ్యానికి మంచిదని మా నాన్నగారు ఏరికోరి కొనిపించిన మెషిను. అందులో రాగి కలిపే కార్ట్రిడ్జ్ ఉంది. మనుషులకి హాని చేయని మోతాదే, కానీ నత్తలకీ రొయ్యలకీ పగడాలకీ రాగి విషం. రోజూ నా కళ్ళెదుటే ఉంది, చదవలేదంతే. తర్వాత కార్బన్ పెట్టి, వారం వారం నీళ్ళు మార్చి, రెండు నెలలు ఆగితే గానీ మళ్ళీ నత్త బతకలేదు. ఇప్పుడు ట్యాంకుకి విడిగా ఒక చిన్న ఆర్వో, దాని వెనక మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెజిన్ గొట్టం పెట్టుకున్నాను. మీరు మిగతా అన్నిటికంటే ముందు కొనాల్సింది ఇదే, తర్వాత టీడీఎస్ మీటరు.

రెండోది, ఆవిరి. నీళ్ళు ఆవిరైతే ఉప్పు పోదు, ట్యాంకులోనే ఉండిపోతుంది. మేలో మా ట్యాంకు రోజుకి రెండు లీటర్లు పైనే తాగేసేది. రెండు రోజులు పట్టించుకోకపోతే తొంభై లీటర్లు ఎనభై ఐదు అవుతాయి, ఉప్పు 35 నుంచి 37కి ఎక్కుతుంది. తగ్గిన మేరకు పోయాల్సింది ఉప్పునీళ్ళు కాదు, ఉత్త డీఐ నీళ్ళు. మొదట్లో ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పక నేను ఉప్పునీళ్ళే పోశాను. వారం తర్వాత చూస్తే 39. ఫ్లోట్ సెన్సారుతో దానంతటదే పోసే పరికరం ఒకటి వస్తుంది, రెండు మూడు వేలు పెట్టి తీసుకోండి. ఉప్పు కొలవడానికి ముల్లు ఊగే హైడ్రోమీటరు కాకుండా రిఫ్రాక్టోమీటరు వాడండి. దాన్ని ఉత్త నీళ్ళతో కాక 35 ద్రావణంతో సరిచూసుకోండి.

మూడోది వేడి. ఇక్కడ మీకూ నాకూ తేడా ఉంది. హైదరాబాద్ ఎండాకాలం పొడిగా ఉంటుంది కాబట్టి నీటి మీదకి రెండు చిన్న ఫ్యాన్లు పెడితే ఆవిరయ్యేటప్పుడు మూడు డిగ్రీలు దిగుతుంది, 31 నుంచి 28. విశాఖలో ఉక్కపోత. గాల్లోనే అంత తేమ ఉంటే ఫ్యాన్ ఏం చల్లబరుస్తుంది? మనకి చెమట ఆరనట్టే. మీరు ఏసీ గదిలో పెట్టాలి, లేదా చిల్లర్ కొనాలి. పాతది దొరికినా పదిహేను వేలు దాటుతుంది. మా బావమరిది ట్యాంకు హాల్లోంచి పడకగదిలోకి మారింది. రాత్రి మోటారు చప్పుడుకి మా చెల్లెలు ఏమంటుందో ఇక్కడ రాయలేను.

నా ఖర్చు సుమారుగా: ట్యాంకు, స్టాండు తొమ్మిది వేలు, లైటు ఎనిమిది, సాల్టు బకెట్ ఆరు, రాళ్ళు ఇసుక ఏడు, ఆర్వో డీఐ మూడు, నీళ్ళు కదిపే వేవ్‌మేకరు, ట్యాంకు వెనక వడపోత అరలో మోటారు కలిపి నాలుగు, టెస్ట్ కిట్లు ఐదు. చేపా పగడమూ కొనకముందే నలభై దాటింది. అది అప్పటి మాట. నురగతో మురికి తీసే ప్రోటీన్ స్కిమ్మర్ కొనలేదు, వారం వారం పది లీటర్లు మారిస్తే ఈ సైజుకి అక్కర్లేదు. వెనక అరలో నీళ్ళు వడకట్టే దూది మార్చుకుంటే చాలు.

సైక్లింగ్ గురించి ఒక మాట, అంటే చేపల కంటే ముందు ట్యాంకులో బ్యాక్టీరియాని పెంచడం. కొత్త ట్యాంకులో చేపల మలం నుంచి వచ్చే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉండదు. అది రాళ్ళ మీద పెరగాలి, దానికి మేతగా అమ్మోనియా కావాలి, ఏదైనా కుళ్ళితే అది వస్తుంది. నేను ఇంటికి తెచ్చిన అరకిలో రొయ్యల్లోంచి ఒకటి తీసి మేజోడులో కట్టి వేలాడదీశాను. మూడు రోజులకి ఇల్లంతా చేపల మార్కెట్టు వాసన. మా ఆవిడ బాల్కనీలోంచి లోపలికి రానంది. మీరు అమ్మోనియం క్లోరైడ్ చుక్కలు కొనుక్కోండి, సీసాలో వచ్చే బ్యాక్టీరియా కూడా వేస్తే కొంచెం త్వరగా అవుతుంది. అమ్మోనియా వేసిన ఇరవై నాలుగు గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వస్తే అయినట్టు. నాకు ముప్పై ఆరు రోజులు పట్టింది. షాపువాడు మూడు రోజుల్లో రెడీ అంటాడు. వాడికి చేపలు అమ్మాలి మరి.

ఆ తర్వాత గోధుమరంగు పాచి వస్తుంది, అది పోయి పచ్చ పాచి వస్తుంది. టెన్షన్ పడకండి, అందరికీ వస్తుంది. మందులు పోయకండి. లైటు గంటలు తగ్గించి, చేపల మేత తగ్గించి, నత్తల్ని దింపండి.

చేపల్లో మీ పాప కోరిక న్యాయమైనదే. నెమో అంటే క్లౌన్ ఫిష్, అవి ట్యాంకుల్లో పుట్టి పెరిగినవే దొరుకుతాయి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాళ్ళు వీటిని హేచరీలో పిల్లలు చేయించే పద్ధతి ఎప్పుడో తేల్చారు. అడిగి అలాంటివే తీసుకోండి, మేత కూడా త్వరగా అలవాటవుతుంది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది కొనండి. ఇవన్నీ మొదట మగవే, జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది, ఇక ఇల్లు దానిదే. సముద్రంలో ఇవి నివాసముండే, పువ్వులా కనిపించే జీవి అనిమోన్. అది లేకపోతే ఇవి బతకవన్నది అపోహ. ట్యాంకుకి ఏడాది నిండకుండా అనిమోన్ జోలికి పోకండి, అది నడుచుకుంటూ వెళ్ళి మోటారులో పడుతుంది. నీలం రంగు డోరీ చేప కావాలని పాప అడిగితే మాత్రం గట్టిగా కాదనండి. అది అడుగు దాకా పెరిగే చేప.

పగడాల్లో మెత్తనివే తీసుకోండి: జోయాంథిడ్‌లు, మష్రూమ్‌లు, టోడ్‌స్టూల్ లెదర్. గ్రీన్ స్టార్ పాలిప్స్ చూడ్డానికి పచ్చిక బయలులా ఉంటుంది గానీ గరిక లాగే పాకేస్తుంది, దాన్ని విడిగా ఒక రాయి మీద ఉంచండి. హామర్, టార్చ్ లాంటివి షాపులో ఎంత ఊరించినా అవి పైన చెప్పిన రాతి పగడాల జాబితాలోవే. ఇంట్లో చిన్నపిల్ల ఉంది కాబట్టి ఇంకొకటి. కొన్ని జోయాంథిడ్‌లలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు లేకుండా వాటిని కోయొద్దు. అవి అంటుకున్న రాయిని వేడినీళ్ళలో ఉడకబెట్టడం, బ్రష్‌తో రుద్దడం అసలే వద్దు.

కరెంటు. ఉప్పునీళ్ళు వైరు వెంట పాకి ప్లగ్గు దాకా వస్తాయి. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వంగి మళ్ళీ పైకెక్కేలా పెట్టండి, చుక్కలు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. ఈఎల్‌సీబీ ఉన్న లైను మీదే నడపండి, కరెంటు లీకైతే అది వెంటనే ఆపేస్తుంది. కరెంటు పోతే లైటు లేకపోయినా పర్వాలేదు, నీళ్ళు కదలకపోతేనే ప్రాణవాయువు తగ్గుతుంది. వేవ్‌మేకరు ఒక్కటి ఇన్వర్టర్ మీద వేయించండి, అది తినేది పది వాట్లలోపే.

చివర్లో మీరు అడిగారు, సంక్రాంతికి ఊరెళ్తే ఎలా అని. మొదటిసారి మేం మేత డబ్బా పక్కింటి పిన్నిగారి చేతికిచ్చి వెళ్ళాం. పాపం ఆవిడ, చేపలు అద్దం దగ్గరికొచ్చి నోరు తెరుస్తున్నాయని రోజుకి నాలుగుసార్లు వేశారు. తిరిగొచ్చేసరికి నీళ్ళు పల్చటి మజ్జిగలా ఉన్నాయి. ఇప్పుడు మా నాన్నగారి మందుల డబ్బా, వారాల పేర్లున్నది, అందులో గదికి చిటికెడు చొప్పున వేసి ఇస్తున్నాను. మిగతా మేత బీరువాలో పెట్టి తాళం వేస్తాను.