తీసేసిన ఫైళ్లు గిట్‌లో మళ్లీ ఎందుకు కనిపిస్తున్నాయి?

ప్రశ్న: నేను రాసిన ఒక ప్రోగ్రామ్‌లో మార్పు చేసిన ప్రతిసారీ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసి వెర్షన్1, వెర్షన్2 అని పేరు పెట్టుకుంటూ వచ్చాను. ఇప్పుడు 14 కాపీలు ఉన్నాయి. వీటిని గిట్‌లో (ఫైళ్లలో చేసిన మార్పుల చరిత్రను దాచే టూల్) పెట్టడానికి స్క్రిప్ట్ రాశాను. ఒక్కో ఫోల్డర్‌ని రిపాజిటరీలోకి (గిట్ చూసుకునే ఫోల్డర్) కాపీ చేసి కమిట్ చేస్తుంది, అంటే అప్పటి ఫైళ్లను హిస్టరీలో ఒక వెర్షన్‌గా దాస్తుంది. ఎర్రర్ ఏమీ రాలేదు. కానీ ఎప్పుడో తీసేసిన ఫైళ్లు కూడా చివరి కమిట్‌లో ఉన్నాయి. ఎందుకలా?

జవాబు: తప్పు గిట్‌ది కాదు, కాపీది. కాపీ చేస్తే కొత్త ఫైళ్లు వస్తాయి, పాతవాటి మీద కొత్తవి పడతాయి. అంతేగానీ కొత్త వెర్షన్‌లో లేని పాత ఫైలు దానంతటదే పోదు. ఉదాహరణకు, మీరు ఐదో వెర్షన్‌లో తీసేసిన ఫైలు, నాలుగో వెర్షన్‌తో వచ్చి అక్కడే ఉండిపోయింది. ప్రతిసారీ డాట్ గిట్ ఫోల్డర్ (గిట్ తన హిస్టరీ దాచుకునే చోటు) తప్ప మిగతాదంతా చెరిపేసి కాపీ చేయొచ్చు కానీ, స్క్రిప్ట్‌లో డిలీట్ కమాండ్ అంటే నాకు టెన్షన్. ఒక్క వేరియబుల్ ఖాళీగా వచ్చిందా, ఏం పోతుందో చెప్పలేం.

అసలు కాపీ చేయాల్సిన పనే లేదు. ఖాళీ ఫోల్డర్‌లో గిట్ ఇనిట్ కొట్టి కొత్త రిపాజిటరీ తయారు చేయండి. లూప్‌లో ప్రతి గిట్ కమాండ్‌కూ రెండు ఆప్షన్లు ఇవ్వండి: గిట్‌డిర్‌కి ఆ రిపాజిటరీలోని డాట్ గిట్ పాత్, వర్క్‌ట్రీకి (గిట్ చూడాల్సిన ఫైళ్లు ఉన్న చోటు) ఆ వెర్షన్ ఫోల్డర్ పాత్. రెండూ పూర్తి పాత్‌లే ఇవ్వండి. తర్వాత యాడ్ (క్యాపిటల్ ఏ ఆప్షన్‌తో), ఆపై కమిట్. పాత ఫోల్డర్‌ని అది ఉన్నచోటే చూసి, ఏం చేరింది, ఏం మారింది, ఏం పోయింది అన్నది గిట్టే తేల్చుకుంటుంది.

నడిపే ముందు ఫోల్డర్ల వరుస చూసుకోండి. మామూలు అక్షర క్రమంలో వెర్షన్1 తర్వాత వచ్చేది వెర్షన్10, వెర్షన్2 కాదు. లినక్స్‌లో సార్ట్ కమాండ్‌కి క్యాపిటల్ వి ఆప్షన్ ఇస్తే అంకెల ప్రకారం సర్దుతుంది.

రెండు కాపీల్లో తేడా ఏమీ లేకపోతే కమిట్ ఎర్రర్ కోడ్ ఇస్తుంది. ఎర్రర్ వస్తే ఆగిపోయేలా స్క్రిప్ట్ రాసి ఉంటే, అది సగంలో ఆగుతుంది. అలౌ ఎంప్టీ ఆప్షన్ పెడితే సరిపోతుంది.

ఏమీ చెప్పకపోతే 14 కమిట్లకీ ఇవాళ్టి తేదీయే పడుతుంది. ప్రతి ఫోల్డర్‌లో అన్నిటికంటే చివరగా మార్చిన ఫైలు తేదీ తీసుకుని, గిట్ ఆథర్ డేట్, గిట్ కమిటర్ డేట్ అనే రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టండి. కమిట్‌లోని డేట్ ఆప్షన్ మొదటిదాన్ని మాత్రమే మారుస్తుంది. అయితే కాపీ చేసినప్పుడే ఫైళ్ల తేదీలు మారిపోయి ఉండొచ్చు, ఒకటి రెండు తెరిచి చూడండి.

పాస్‌వర్డ్ ఉన్న ఫైళ్లు, లాగ్‌లు లోపలికి రానివ్వకండి. పాత ఫోల్డర్లలో గిట్ ఇగ్నోర్ ఫైలు ఉండదు కాబట్టి, వాటి పేర్లు డాట్ గిట్ లోపల ఇన్ఫో ఫోల్డర్‌లో ఉండే ఎక్స్‌క్లూడ్ ఫైల్లో రాయండి. మొదటి కమిట్ నుంచే పనిచేస్తుంది. ఒకసారి హిస్టరీలో చేరిన పాస్‌వర్డ్‌ని తర్వాత పీకేయాలంటే హిస్టరీ అంతా తిరగరాయాల్సిందే.

అంతా అయ్యాక రిపాజిటరీలో ఫైళ్లు కనిపించవు, కంగారు పడకండి. అక్కడికి వెళ్లి గిట్ రీసెట్ హార్డ్ కొడితే చివరి వెర్షన్ ప్రత్యక్షమవుతుంది. ఈ ఒక్క కమాండ్‌కి మాత్రం వర్క్‌ట్రీ ఆప్షన్ తగిలించకండి. తగిలిస్తే మీ పాత కాపీ మీదే రాసేస్తుంది!

ప్రశ్న: ఇంపోర్ట్ చేశాక కొన్ని సబ్‌ఫోల్డర్లు కనిపించడం లేదు. పోయినట్టేనా?

జవాబు: అవి ఖాళీ ఫోల్డర్లా? గిట్ ఫైళ్లనే దాచుకుంటుంది, ఖాళీ ఫోల్డర్‌ని పట్టించుకోదు. ప్రోగ్రామ్‌కి ఆ ఫోల్డర్ కావాలంటే అందులో ఒక ఖాళీ ఫైలు పెట్టండి. చాలామంది దానికి డాట్ గిట్‌కీప్ అని పేరు పెడతారు. అది అలవాటే తప్ప రూలేం కాదు, ఏ పేరైనా నడుస్తుంది.