జర్నల్‌లో రాకముందే పేపర్ బయట పెడితే ఎవరైనా కొట్టేయరా?

ప్రశ్న: మా అమ్మాయి ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. జర్నల్ వాళ్లు ఒప్పుకోకముందే తన మొదటి పేపర్‌ని ఆన్‌లైన్‌లో పెడతానంటోంది. ఎవరైనా కాపీ కొట్టి ముందే వేసుకుంటే? పైగా ముక్కూమొహం తెలియని వాళ్లతో గంటల తరబడి ఈమెయిళ్లు. ఇదంతా చదువులో భాగమేనా?
– ఒక తండ్రి

జవాబు: భాగమేనండీ. ముందు మీ భయం సంగతి చూద్దాం. ఫిజిక్స్ వాళ్లకు ఈ అలవాటు కొత్తది కాదు. పాల్ గిన్‌స్పార్గ్ అనే శాస్త్రవేత్త 1991లోనే 'ఆర్కైవ్' (arXiv) అనే ప్రీప్రింట్ సర్వర్ మొదలుపెట్టారు. జర్నల్‌లో రాకముందే అందరికీ అందుబాటులో పెట్టే పేపర్‌ని ప్రీప్రింట్ అంటారు. జర్నల్‌కు పంపిన పేపర్ వెలుగు చూడటానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఆర్కైవ్‌లో అయితే సాధారణంగా కొద్ది రోజుల్లోనే అందరూ చదవొచ్చు. పేపర్ మీద తేదీ ఉంటుంది, తర్వాత సవరించినా పాత ప్రతి అక్కడే ఉంటుంది. రేపు ఎవరు ముందన్న తగువు వస్తే అదే సాక్ష్యం. దాచుకున్న పేపర్‌కి ఆ సాక్ష్యం ఉండదు. గణితంలో పేరుమోసిన చిక్కుప్రశ్న అయిన పాంకరే ఊహకు గ్రిగోరీ పెరెల్మాన్ ఇచ్చిన నిరూపణ 2002, 2003లలో వచ్చింది ఆర్కైవ్‌లోనే. ఆయన దాన్ని జర్నల్‌కు పంపనేలేదు. అయినా ఆ ఘనత ఆయనదేనని గణిత లోకమంతా ఒప్పుకుంది.

అయితే ఒక్కచోట మాత్రం మీ జాగ్రత్తే సరైనది. ఆ పనికి పేటెంట్ తీసుకునే ఉద్దేశం ఉంటే, దరఖాస్తు చేయకుండా బయటపెట్టకూడదు. చాలా దేశాల్లో అలా చేస్తే పేటెంట్ హక్కే పోవచ్చు. గైడ్, సహరచయితలు అందరూ సరేనన్నాకే పేపర్ పెట్టాలి. పంపబోయే జర్నల్ ప్రీప్రింట్లను ఒప్పుకుంటుందో లేదో కూడా చూసుకోవాలి.

ఇంకో సంగతి, ప్రీప్రింట్‌ని నిపుణులు పరీక్షించి ఉండరు. 2023 జులైలో ఎల్‌కె-99 అనే పదార్థం మామూలు ఉష్ణోగ్రతలోనే సూపర్‌కండక్టర్ (నిరోధం లేకుండా కరెంటు పారే పదార్థం) అంటూ ఆర్కైవ్‌లో పేపర్లు వచ్చాయి. కొన్ని వారాల్లోనే వేరే ల్యాబ్‌లు చేసి చూసి, కాదని తేల్చాయి. తప్పు కూడా అంతే వేగంగా, అందరి కళ్లముందే బయటపడుతుంది. కాబట్టి తొందరపడొద్దని చెప్పండి.

ఇక ఈమెయిళ్లు. పరిశోధకురాలిగా ఆమె నేర్చుకోవాల్సిన వాటిలో ఇది చాలా ముఖ్యమని నా గట్టి నమ్మకం. "సార్, మీ పరిశోధన అద్భుతం, నాకు అవకాశం ఇవ్వండి" అని రాస్తే జవాబు రావడం కష్టం. "మీ పేపర్‌లోని మూడో గ్రాఫ్‌ని మీరు ఇచ్చిన డేటాతోనే మళ్లీ గీశాను. తక్కువ ఉష్ణోగ్రత దగ్గర నాకు వంపు రావడం లేదు. నా కోడ్ జతచేశాను, ఎక్కడ తేడా పడిందో చెప్పగలరా?" అని రాస్తే ఎంత పెద్ద ప్రొఫెసరైనా ఆగి చదువుతారు. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) అవకాశాలకు దారితీసే పరిచయాలు ఇలాంటి ప్రశ్నల దగ్గరే మొదలవుతాయి. 2009లో టిమ్ గవర్స్ అనే గణిత శాస్త్రవేత్త ఒక లెక్కను ఆన్‌లైన్‌లో అందరి ముందూ పెట్టినప్పుడు, ఎవరికి తోచిన ముక్క వాళ్లు అందించి కలిసి సాధించారు. ఆ పేపర్ 'పాలీమాథ్' అనే ఉమ్మడి పేరుతో వచ్చింది.

పరిశోధకులకు ఇచ్చే గుర్తింపు సంఖ్య అయిన ఆర్కిడ్ (ORCID) నంబర్ ఆమెకు ఇంకా లేకపోతే వెంటనే తీసుకోమనండి, ఉచితమే. ఒకే పేరున్న వాళ్ల పేపర్లు కలిసిపోకుండా ఆ 16 అంకెలే కాపాడతాయి.

నిజంగా భయపడాల్సింది వేరే ఉంది. ప్రీప్రింట్ పెట్టాక "వారంలో ప్రచురిస్తాం, ఫీజు కట్టండి" అంటూ మోసపు జర్నళ్ల నుంచి ఆమెకు ఈమెయిళ్లు రావచ్చు. గైడ్‌కి చూపించకుండా వాటిలో ఒక్కదానికీ జవాబివ్వొద్దని ఇవాళే చెప్పండి.