వైఫై తరంగాలతో నడిచే బ్యాటరీ లేని ఉంగరం చేయగలమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనది ఇది: ఇంట్లోని వైఫై రూటరు నుంచి వచ్చే తరంగాలనే విద్యుత్తుగా మార్చుకుని, బ్యాటరీ లేకుండా, వేలికి పెట్టుకున్న ఉంగరంతో ఫోనును నడిపించాలి. చివరి సంవత్సరం ప్రాజెక్టు. గైడ్ కుదరదన్నారు, వీడియోల్లో మాత్రం కుదురుతుందంటున్నారు.

రూటరుతో కుదరదు, మీ గైడ్ చెప్పింది నిజం. అయితే బ్యాటరీ లేని ఉంగరం మాత్రం తప్పకుండా కుదురుతుంది. తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ మరమ్మతు దుకాణం నడుపుతూ తీరిక వేళల్లో అలాంటిది ఒకటి తయారు చేశాను. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే మా వదిన దాన్ని రోజూ వాడుతున్నారు.

ముందు రూటరు సంగతి. అది 2.4 గిగాహెర్ట్జ్‌లో 100 మిల్లీవాట్లు వెదజల్లుతోందనుకోండి. 3 మీటర్ల దూరంలో ఒక సాధారణ యాంటెన్నాకు అందేది సుమారు 1 మైక్రోవాటు, అంటే లక్షలో ఒక వంతు. 50 ఓముల మీద అది 7 మిల్లీవోల్టులు. దాన్ని డీసీగా మార్చే షాట్కీ డయోడు సరిగ్గా తెరుచుకోవాలంటే 150 నుంచి 250 మిల్లీవోల్టులు కావాలి. మ్యాచింగ్ సర్క్యూటుతో వోల్టేజీని కొంత పెంచవచ్చు గానీ, వేలికి అతుక్కుని ఉన్న యాంటెన్నాలో ఆ లాభం చాలావరకు చర్మంలోకే పోతుంది. పైగా రూటరు ఎడతెగకుండా ప్రసారం చేయదు, చిన్న చిన్న ప్యాకెట్లుగా పంపి ఊరుకుంటుంది. 2015లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వైఫైతో 17 అడుగుల దూరంలో బ్యాటరీ లేని కెమెరాను పనిచేయించిన మాట వాస్తవమే. కానీ వాళ్లు రూటరు సాఫ్ట్‌వేరునే మార్చి, పంపడానికి డేటా లేనప్పుడు కూడా ఉత్త ప్యాకెట్లు పంపించారు. కెమెరా చాలాసేపు శక్తిని కూడబెట్టుకుని ఒక్కో ఫోటో తీసింది. వేలు కదిపిన వెంటనే స్పందించాల్సిన ఉంగరానికి ఆ పద్ధతి సరిపోదు.

ఈ మాట చెబితే మా దుకాణానికి వచ్చే విద్యార్థులు వెంటనే తిరుపతి దగ్గరి గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే రాడార్ గురించి అడుగుతారు. అంత పెద్ద ప్రసారం మన పక్కనే ఉంది కదా, దాన్నుంచి తీసుకోలేమా అని. మంచి ప్రశ్నే. ఆ ఎంఎస్‌టీ రాడార్ 1024 యాగీ యాంటెన్నాలతో, చాలా శక్తిమంతమైన పల్సులతో పనిచేస్తుంది. అయితే అది చూసేది ఆకాశం వైపు. దాని పౌనఃపున్యం 53 మెగాహెర్ట్జ్, అంటే తరంగం పొడవు దాదాపు 5.7 మీటర్లు. అలాంటి తరంగాన్ని బాగా పట్టుకోవాలంటే రెండున్నర మీటర్లు దాటిన యాంటెన్నా కావాలి. 2 సెంటీమీటర్ల ఉంగరం చేతిలో పడేది ఏమీ ఉండదు. ఎఫ్‌ఎం రేడియో తరంగాల విషయమూ ఇంతే.

కాబట్టి గాలిలో ఏముందని వెతకడం మానేసి, ఉంగరానికి శక్తి ఇచ్చే వస్తువును మనమే దాని పక్కన పెట్టాలి. ఈ దారి కొత్తదేమీ కాదు. 2014లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు పాల్గొని చేసిన ఒక ఉంగరం చేతిలోని ఫోను ఎన్‌ఎఫ్‌సీ (బాగా దగ్గర పెడితేనే పనిచేసే వైర్‌లెస్ పద్ధతి) నుంచే శక్తి తీసుకుని చిన్న బ్యాటరీలో దాచుకునేది. ఏదైనా ఉపరితలం మీద వేలితో చేసే 23 రకాల సంజ్ఞలను, వినియోగదారుకు శిక్షణ అవసరం లేకుండా, సగటున 73 శాతం కచ్చితత్వంతో గుర్తించింది. ఆ పని మీద నాకు చాలా గౌరవం. కానీ మీ ప్రాజెక్టుకు అంత దూరం వెళ్లనవసరం లేదు.

గాదంకి టోల్‌గేటు దగ్గర కారు అద్దం మీది ఫాస్టాగ్‌ను గమనించండి. అందులో బ్యాటరీ లేదు. పైనున్న రీడరు పంపిన తరంగంతోనే మేలుకుని, ఆ తరంగాన్నే కొద్దిగా మార్చి వెనక్కి తిప్పుతుంది. సొంతంగా ప్రసారం అంటూ ఏదీ చేయదు. ఉంగరం కూడా అలాగే ఉండాలి. బ్లూటూత్‌ను ఉంగరంలో పెట్టగానే ఖర్చు మిల్లీవాట్లలోకి వెళుతుంది, దాంతో బ్యాటరీ తప్పదు. బ్లూటూత్‌ను బయట పెట్టండి.

మా వదిన అవసరం ఇది. కలంకారీలో కలానికి చుట్టిన ఉండను వేళ్లతో నొక్కితేనే రంగు మొనకు దిగుతుంది. ఇనుము, బెల్లం ఊరబెట్టిన ఆ నల్లరంగు వేళ్లకు అంటుకుంటుంది. ఎదురుగా ఫోనులో ఆలయ శిల్పం ఫోటో ఉంటుంది, నగల దగ్గరికి వచ్చేసరికి దగ్గరి నుంచి తీసిన ఫోటోకు మారాలి. "మాటిమాటికీ చెయ్యి కడుక్కుని ఫోను ముట్టుకుంటే గీత మీద ధ్యాస పోతుందయ్యా" అన్నారు. చార్జింగ్ పిన్నులున్న ఉంగరం ఆ రంగుకు తుప్పు పడుతుంది. అన్ని వైపులా మూసేసిన, ఎక్కడా తెరవనవసరం లేని ఉంగరమే కావాలి.

ఆమె ఎడమ చెయ్యి గుడ్డ మీద ఆనే చోట, గుడ్డ కింద ఒక చిన్న పలక పెట్టాం. అందులో పీఎన్532 అనే ఎన్‌ఎఫ్‌సీ రీడరు, బ్లూటూత్ ఉన్న ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటరు బోర్డు, పవర్ బ్యాంకు. రీడరు పంపే 13.56 మెగాహెర్ట్జ్ అయస్కాంత క్షేత్రానికి గుడ్డ, తడి పెద్ద అడ్డంకి కావు. ఉంగరంలో ఉన్నవి ఒక కాయిల్, బ్యాటరీ అక్కర్లేని రెండు ఎన్‌ట్యాగ్213 ఎన్‌ఎఫ్‌సీ చిప్‌లు, బొటనవేలికి అందేలా రెండు మీటలు, అంతే. ఏ మీట నొక్కితే ఆ చిప్ కాయిల్‌కు కలుస్తుంది, రీడరుకు ఆ చిప్ నంబరు కనిపిస్తుంది. ఈఎస్‌పీ32 బ్లూటూత్ కీబోర్డులా ఫోనుకు కుడి బాణమో ఎడమ బాణమో పంపుతుంది. మీట నొక్కనప్పుడు ఉంగరంలో ఏమీ జరగదు. శక్తి ఖర్చంతా పలక దగ్గరే. ఫోటోలో పెద్దవి చేసి చూడాల్సిన భాగాలను ముందే కత్తిరించి వరుసలో పెట్టుకుంటారు కనుక ఆ రెండు బాణాలే సరిపోతున్నాయి.

మీరు ఎక్కువ సమయం పెట్టాల్సింది కాయిల్ మీద. ఎన్‌ట్యాగ్213 లోపలి కెపాసిటెన్సు 50 పికోఫారడ్లు. 13.56 మెగాహెర్ట్జ్‌కు దానితో అనునాదం (ఆ ఒక్క పౌనఃపున్యానికే బలంగా స్పందించడం) కావాలంటే కాయిల్ 2.75 మైక్రోహెన్రీలు ఉండాలి. 2 సెంటీమీటర్ల వ్యాసంతో ఉంగరం చుట్టూ తీగ చుడితే ఏడెనిమిది చుట్లకు ఆ విలువ వస్తుంది. కానీ అలా చుట్టకండి. చెయ్యి బల్ల మీద ఆనినప్పుడు వేలు పడుకుని ఉంటుంది, పలక మధ్యలో క్షేత్రం నిటారుగా పైకి లేస్తుంది. వేలి చుట్టూ తిరిగిన కాయిల్ గుండా అది దాటదు, పక్కనుంచి పోతుంది. పలక అంచు మీద, క్షేత్రం వంగే చోట మాత్రమే పనిచేస్తుంది. అందుకని కాయిల్‌ను ఉంగరంలో రాయి పొదిగే బిళ్లలా చదునుగా చేసి, అరచేతి వైపుకు తిప్పి పెట్టాలి. 15 మిల్లీమీటర్ల బిళ్లకు పది చుట్ల దాకా పడతాయి. అప్పుడు ఉంగరం కాయిల్, పలకలోని రీడరు కాయిల్ ఎదురెదురుగా ఉంటాయి, మధ్యలో గుడ్డ మందం తప్ప దూరమే ఉండదు.

ఉంగరం ఒంటిని లోహంతో చేయవద్దు. మూసుకున్న లోహపు వలయంలో ప్రవాహాలు పుట్టి క్షేత్రాన్ని అడ్డుకుంటాయి. త్రీడీ ప్రింటు చేసి ఎపాక్సీ పోస్తే చాలు. పక్కనే బంగారు ఉంగరం ఉన్నా అనునాదం దెబ్బతింటుంది కాబట్టి దీన్ని చూపుడు వేలికి పెట్టించండి. విడి భాగాలన్నీ చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. పలక కింద ఇనుప బల్ల ఉంటే మధ్యలో ఫెరైట్ షీటు (క్షేత్రాన్ని ఇనుములోకి పోనివ్వని పలుచని పొర) కావాలి. పాడైన ఫోన్ల ఎన్‌ఎఫ్‌సీ యాంటెన్నా వెనుక అది ఉంటుంది, మరమ్మతు దుకాణాల్లో అడిగితే ఇస్తారు.

కొలిచే పరికరం లేకపోతే కాయిల్‌ను రెండు చుట్లు ఎక్కువగానే చుట్టి చిప్‌ను అతికించండి. ఎన్‌ఎఫ్‌సీ ఉన్న ఫోనుతో చదివిస్తూ, ఎంత దూరం నుంచి చదువుతోందో స్కేలుతో చూసుకుంటూ, అర చుట్టు చొప్పున విప్పుతూ పోండి. దూరం పెరుగుతూ వచ్చి, ఒక చోట నుంచి తగ్గడం మొదలవుతుంది. అన్నిటికంటే ఎక్కువ దూరం వచ్చిన చుట్ల దగ్గర తీగ కత్తిరించండి. ఎపాక్సీ పోశాక విలువ కొద్దిగా మారుతుంది కాబట్టి, పోయక ముందు ఒకసారి వేలికి తొడిగి కూడా చదివించి చూడండి.