తప్పు తూటాదా, రివాల్వర్‌దా?

చిరంజీవి అల్లుడికి,

గుంటూరు నుంచి మీ మామయ్య ఆశీస్సులు. సెకండ్ హ్యాండ్‌లో .32 రివాల్వర్ కొన్నావనీ, కాల్పులు సాధన చేసే రేంజికి తీసుకెళ్తే ఆరు తూటాల్లో రెండు పేలలేదనీ, మధ్యలో తూటాలు పెట్టే సిలిండర్ తిరగకుండా బిగుసుకుపోయిందనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కొనేముందు ఒక్క మాట అడగాల్సింది. సరే, అయిందేదో అయింది.

ముందు కాగితాలు. ఫ్రేము మీద చెక్కిన నంబరూ, లైసెన్సులో ఎక్కించిన నంబరూ ఒకటేనా అని అంకె అంకె సరిచూడు. అమ్మిన పెద్దమనిషి అమ్మడానికి 45 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకో, దగ్గరి పోలీస్ స్టేషన్లోనో రాతపూర్వకంగా తెలియజేశాడా, ఆ రసీదు కాపీ నీ దగ్గరుందా? లేకపోతే రిపేరు సంగతి తర్వాత, ముందు అది తెప్పించుకో.

ఇక అసలు జబ్బు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే రోజుల్లో నాదీ ఇలాగే మొరాయించింది. ఒకాయన స్ప్రింగు పోయిందన్నాడు, డబ్బు తీసుకుని మార్చాడు, అయినా పేలలేదు. చివరికి చూస్తే తప్పు తూటాలది. ఏళ్ల తరబడి తోలు బెల్టులో ఉండి చెమ్మెక్కాయి. అందుకే ఎవరిచేతా విప్పించకముందే తప్పు దేనిదో తేల్చుకో.

పేలని ఆ రెండు తూటాలు పారేయలేదు కదా? వాటి వెనక నడుమనుండే చిన్న బిళ్ల, అదే ప్రైమరు, దాని మీద పడ్డ గుంట చూడు. లోతుగా, నడిమధ్యన ఉంటే చాలావరకు తూటాలే పాతవి. కొత్త పెట్టె కొని చూడు. గుంట పైపైన ఉంటే హ్యామర్ (వెనకనుండే సుత్తి) దెబ్బలో బలం లేదు, అంటే స్ప్రింగు సడలిందో, పాత నూనె జిగురులా గడ్డకట్టిందో. గుంట పక్కకి పడితే సిలిండర్ సరైన చోట ఆగడం లేదన్నమాట. అది నాకు నచ్చని రోగం.

దాన్ని ఇంట్లోనే చూడొచ్చు. రివాల్వర్ ఖాళీ చేసి, సిలిండర్‌లోని ఆరు గదుల్లోనూ వేలు పెట్టి తడుము. తూటాలు ఇంట్లో ఇంకో గదిలో పెట్టి తలుపేసిరా. గొట్టం మనుషులు లేని వైపు ఉంచి, హ్యామర్‌ని బొటనవేలితో మెల్లమెల్లగా వెనక్కి లాగు. అది పూర్తిగా వెనక్కి వచ్చేసరికి సిలిండర్ ‘టక్’మని లాక్ అయిపోవాలి. ఒక్క గది చూసి ఊరుకోకు, ఆరూ చూడు. ఒక్కోసారి సిలిండర్‌ని తిప్పే పళ్లలో ఒక్కటే అరిగి ఉంటుంది. లాక్ కాకపోతే మళ్లీ కాల్చకు. సీసం చెక్కుకుపోయి పక్కనున్నవాళ్ల ముఖాన కొడుతుంది. ఆకురాయి పట్టుకుని నువ్వే సరిచేద్దామనీ చూడకు, లైసెన్సున్న రిపేరు షాపుకే ఇవ్వు.

బిగుసుకుపోవడం మాత్రం చాలాసార్లు చిన్న విషయమే. నీది కాన్పూర్ ఫ్యాక్టరీ రకం, నడుము దగ్గర విరిచి తెరిచేది కదా? తెరిచినప్పుడు ఖాళీ డొల్లల్ని లేపే నక్షత్రం లాంటి చక్రం కింద కాలని తుపాకీమందు పలుకులు చేరితే చాలు, సిలిండర్ రాసుకుంటుంది. పాత టూత్‌బ్రష్‌తో దులుపు. నాజూగ్గా తెరిస్తే డొల్ల ఒకటి ఆ చక్రం కిందికి జారి ఇరుక్కుంటుంది. ఒక్క ఊపున పూర్తిగా తెరవాలి. మూసేశాక గొట్టం లొడలొడలాడుతుంటే మాత్రం దాన్నీ షాపుకే చూపించు.

రేంజిలో ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే తెరవకు. గురి వైపే పట్టుకుని 30 సెకన్లు ఆగు, ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. పేలింది గానీ ‘టుస్’మని నీరసంగా వినిపించిందా, అంతటితో ఆపెయ్యి. గుండు గొట్టంలోనే ఉండిపోయి ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి కాలిస్తే గొట్టం చీలుతుంది. ఖాళీ చేసి గొట్టంలో ఈ చివర్నుంచి ఆ చివరికి వెలుతురు కనిపిస్తోందేమో చూడాలి.

మీ విజయవాడ కృష్ణానది పక్కన ఉన్న ఊరు, చెమ్మ సంగతి నీకు చెప్పాలా? తోలు సంచిలో ఉంచి బీరువాలో పెట్టకు, తుప్పు పట్టేది అక్కడే. ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్లో అప్పగించేటప్పుడూ నూనె గుడ్డలో చుట్టి ఇచ్చి రసీదు తీసుకో. ఒకసారి నేను అలాగే వదిలేస్తే, తిరిగొచ్చేసరికి ట్రిగ్గర్ చుట్టూ ఎర్రగా పూసింది.

ఆ రెండు తూటాలు విడిగా తాళం వేసి ఉంచు. వచ్చే ఆదివారం నేనే విజయవాడ వస్తాను. రివాల్వర్ ఇక్కడికి మోసుకురాకు, లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో కూడా నువ్వింకా చూసుకుని ఉండవు.

మీ మామయ్య