కెర్నల్ చదివే అబ్బాయిని ఏఐ కోర్సుకు మార్చాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ మూడో ఏడు. రాత్రుళ్లు లినక్స్ కెర్నల్ కోడ్ ముందేసుకుని లాకులు, టాస్క్ స్టేట్ అంటూ కూర్చుంటాడు. నెలంతా కష్టపడి రెండు లైన్లు మార్చాడట! పక్కింటబ్బాయి లక్షన్నర కట్టి ఏఐ కోర్సులో చేరాడు. మావాణ్నీ చేర్చాలా? రెండింట్లో ఏది మేలు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఏటా ఇదే ప్రశ్న వస్తుంది, కోర్సు పేరే మారుతుంటుంది. లోపలున్న టెన్షన్ మాత్రం ఒక్కటే: మావాడు వెనకబడిపోతాడేమో అని. వెనకబడడు, ముందు స్థిమితపడండి.

ఆ రెండు లైన్ల సంగతి వినండి. కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌కూ ప్రోగ్రాములకూ మధ్య ఉండి అన్నీ నడిపించే, ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. అందులో ఒక టాస్క్, అంటే నడుస్తున్న ప్రోగ్రాము, ఏదో పని పూర్తయ్యేదాకా నిద్రపోవాలి. పని అయిందా అని చూసింది, కాలేదు. నిద్రపోయేలోపే ఇంకో సీపీయూలో ఆ పని పూర్తయింది. లేపడానికి ఆ సీపీయూ చూస్తే ఈ టాస్క్ ఇంకా మెలకువగానే ఉంది, అందుకని లేపకుండా వదిలేసింది. ఆ తర్వాత ఇది నిద్రపోతే ఇక లేపేవారుండరు. అందుకే ముందు ‘నిద్రపోతున్నా’ అని తన స్టేట్ మార్చి, తర్వాత పని అయిందో లేదో చూడాలి. ఆ రెండింటి మధ్య, వాటి వరుస తారుమారు కాకుండా ఆపే మెమరీ బ్యారియర్ కూడా ఉండాలి. వేగం కోసమని దాన్ని తీసేస్తే, ఎన్నాళ్లో బాగా నడిచిన సర్వర్ ఒకరోజు బిగుసుకుపోవచ్చు. 1996లో లినక్స్ 2.0తో వచ్చిన, ఒకేసారి ఒక్క సీపీయూనే కెర్నల్ పని చేయనిచ్చే బిగ్ కెర్నల్ లాక్‌ను పూర్తిగా తొలగించింది 2011లో, అంటే పదిహేనేళ్లు పట్టింది. అలాంటి చోట నెలకు రెండు లైన్లు తక్కువా?

ఇక ఆ కోర్సు. ఏఐ పెద్ద శాస్త్రమే, గౌరవిస్తాను. మూడు నెలల కోర్సుల మీదే నాకు నమ్మకం లేదు. ఏఐకి పునాదైన లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ ముట్టుకోరు. అందరి రెజ్యూమెలోనూ అదే ప్రాజెక్టు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆగిపోయిన పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. పైగా ఏఐ మోడళ్లను నడిపే సర్వర్లలోనూ ఎక్కువగా ఉండేది లినక్సే.

కోపంగానే అడుగుతున్నాను: పక్కింటి ఫీజు కనుక్కున్నారు, ఏం చేస్తున్నావురా అని మీవాడి పక్కన ఒక్క గంట కూర్చున్నారా?

ఫ్రెషర్లకు కెర్నల్ ఉద్యోగాలు తక్కువే, అది దాచను. క్యాంపస్ కోసం డేటా స్ట్రక్చర్స్ రోజూ చేయాల్సిందే. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీలున్నాయి. అలాంటి చోట సీ భాష, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ గట్టిగా వచ్చినవాళ్లకు విలువ ఉంటుంది. తన మార్పును, లాకుల వాడకంలో తప్పులు పట్టే లాక్‌డెప్ ఆన్ చేసి పరీక్షించి, వేగం లెక్కగట్టే పెర్ఫ్‌తో ముందూ తర్వాతా కొలిచి, కెర్నల్ నిర్వాహకులకు ప్యాచ్‌గా పంపమనండి. తిరస్కరిస్తే కారణం చదివి, సరిచేసి మళ్లీ పంపాలి. ఒప్పుకుంటే అతని పేరు కెర్నల్ కోడ్ మార్పుల చరిత్రలో ఉంటుంది, ఇంటర్వ్యూ చేసేవారు ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

ఏఐ మీద తనకే ఆసక్తి పుడితే నాలుగో ఏడు ఎలక్టివ్‌గా తీసుకుంటాడు. ఈ సెలవుల్లో ఆ లక్షన్నర మాత్రం కట్టకండి.